తగ్గిన అంకె

“ఆయనకి ఇప్పుడే చెప్పకురా తమ్ముడూ. ముందు నన్ను అర్థం చేసుకోనీ,” అంటోంది భార్య, వంటింట్లో ఫోన్లో గొంతు తగ్గించి.

గుమ్మం ఇవతల కటింగ్ మాస్టరుకి ఒళ్లు భగ్గుమంది.

కొంతకాలంగా అతనికి ఏదీ సవ్యంగా తోచడం లేదు. చలంటూ ఆమె కిటికీలు మూస్తుంది, తనకేమో ఊపిరాడదు. కంటి మీద కునుకు లేదు. బట్టల ఫ్యాక్టరీలోనూ అంతే. గీత తప్పి గుడ్డ తెగుతుంటే, ఎవరో తన కత్తెర మార్చేశారని తగువుకి దిగాడు. యాజమాన్యం అందరికీ రక్తపరీక్షలు చేయిస్తే, అదంతా మనుషుల్ని పీకెయ్యడానికేనన్నాడు. ఫోన్ నంబరు అడిగితే తనది ఇవ్వకుండా భార్యది చెప్పాడు.

ఇప్పుడు ఆ భార్య కూడా మారిపోయింది. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. తను భోజనం చేస్తుంటే దొంగచూపులు చూస్తోంది. నిన్న ఆమె సంచిలో ఏదో కవరు కనిపిస్తే చెయ్యి పెట్టబోయాడు. చటుక్కున లాక్కుంది.

“ఏం దాస్తున్నావు?” అన్నాడు లోపలికొచ్చి.

ఆమె ముఖం పాలిపోయింది. ఫోన్ అతని చేతికిచ్చింది. అవతల బావమరిది, ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు.

“థైరాయిడ్ రిపోర్టు వచ్చింది బావా. టీఎస్‌హెచ్ బాగా తగ్గింది.”

“తగ్గితే మంచిదేగా?”

“అక్కడే అందరూ పొరబడతారు. గ్రంథిని పని చెయ్యమని తలలోంచి వెళ్లే కేక అది. కేక తగ్గిందంటే, గ్రంథి అడక్కుండానే అతిగా చేస్తోందన్నమాట. ఆ గ్రంథి వదిలే టీ4 హార్మోను పెరగడమే అందుకు సాక్ష్యం.”

దానివల్ల గుండె దడ, చిరాకు వస్తాయనీ, మనిషి చిక్కిపోతాడనీ చెప్పాడు. అసలు కారణం తేల్చాల్సింది స్పెషలిస్టేననీ, ఈలోగా సొంత వైద్యం వద్దనీ హెచ్చరించాడు.

“అక్కకి ప్రమాదం లేదుగా?”

“అక్క ధైర్యంగానే ఉంది బావా. మీరూ ఉండాలి.”

కటింగ్ మాస్టరు కోపమంతా నీరుగారిపోయింది. ఇంత బరువు ఒంటరిగా మోస్తున్న మనిషిని ఏమేమి అనుకున్నాడు తను! స్పెషలిస్టు దగ్గరికి తనే తీసుకెళ్తానన్నాడు. మాట తప్పరుగా అని ఆమె ఒకటికి రెండుసార్లు అడిగింది.

వెళ్లిన రోజు దారంతా ఆమె చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ గదిలోకి వెళ్లగానే కుర్చీ ముందుకు జరిపాడు.

“కూర్చో. నేనున్నాగా, భయమెందుకు?”

ఆమె కూర్చోలేదు. కవరు డాక్టరమ్మ ముందు పెట్టి, అతని భుజం పట్టుకుని ఆ కుర్చీలో అతన్నే కూర్చోబెట్టింది.

“ఉన్నదున్నట్టు చెబితే మీరు వచ్చేవారు కాదండీ,” అంది.

“ఆ రిపోర్టు నాది కాదు, మీది.”