తక్ తాత ఫోటో

“ఫ్లాష్ ముఖం మీద కొట్టకు బాబూ, పసిబిడ్డ కళ్లు మూసేసుకుంటుంది” అన్నారెవరో వెనకనుంచి.

తేసిక్ చిరాగ్గా తిరిగి చూశాడు.

కెమెరా కొట్లో ఓ మూల స్టూలు మీద కోటూ టైతో ముసలాయన. చేతిలో బార్లీ టీ. అడగని సలహాలివ్వడం ఆయనకి అలవాటులా ఉంది.

తేసిక్‌కి కావలసింది ఓ చిన్న ఫ్లాష్. ఆదివారం పాప మొదటి పుట్టినరోజని కొట్టు యజమానికి అప్పుడే చెప్పాడు. ఇంట్లో తీసిన ఫోటోలన్నీ మసకే. కెమెరాకున్న బుల్లి ఫ్లాష్ వేస్తే పాప కళ్లు ఎర్రగా, తన అమ్మ ముఖం సున్నం కొట్టినట్టు పడుతున్నాయని వాపోయాడు.

“ఇది తీసుకోండి సార్, గట్టి సరుకు” అంటూ కొట్టు యజమాని బేక్ ఓ పెద్ద ఫ్లాష్ బల్ల మీద పెట్టాడు.

“నేనేమన్నా పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తానా? ఇంట్లోకి. చవకలో చూపించండి.”

“అయితే ఇదిగో, కొట్లో దీనికంటే చిన్నది లేదు.”

“దాని తల తిరగదు” అన్నాడు ముసలాయన. “ఆ పక్కది తియ్యి బేక్. అదీ చిన్నదే, చవకే. మీ ఇంట్లో పైకప్పుకి ఏ రంగు కాగితం అంటించారు బాబూ?”

“తెలుపు.”

“ఇంకేం! తల పైకి తిప్పి కప్పుకి కొట్టు. వెలుగు మెత్తగా కిందికి దిగుతుంది. పాప ఉలిక్కిపడదు, మీ అమ్మ ముఖంలో ముడతలూ కనపడవు.”

“మీకిందులో వాటా ఎంత తాతా?”

బేక్ పకపకా నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు.

“వాటా ఉంది. ముందు నా ఫోటో ఒకటి తీసి చూడు.”

టీ కప్పు కింద పెట్టాడు. టై సర్దుకున్నాడు. వేళ్లు తడి చేసుకుని ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు.

“నవ్వమంటావా, వద్దా?”

“మీ ఇష్టం” అని తేసిక్ ఆ ఫ్లాష్‌ని తన కెమెరాకి తగిలించి, తల పైకి తిప్పి నొక్కాడు.

తెర మీద ముసలాయన ముఖం పొద్దుటి ఎండలో కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉంది. తేసిక్ మురిసిపోయాడు, ముసలాయన్ని చూసి కాదు, ఫ్లాష్‌ని చూసి.

“బాగా తీశావయ్యా! ఒక కాపీ వేయించి బేక్‌కి ఇచ్చిపో. రేపు నేను పోతే పూల మధ్య పెట్టడానికి ఒక్క ఫోటో లేదు.”

“మీరింకా వందేళ్లుంటారు లెండి. తప్పకుండా ఇస్తాను.”

ఫ్లాష్ కొనుక్కుని ఇంటికొచ్చి, ఆ ఫోటో భార్యకి చూపించాడు.

“ఎవరీయన?”

చెప్పాడు. ఆమె ముఖం మాడిపోయింది.

“పాప పుట్టినరోజు ఫోటోలు తీసే కెమెరాలో చావు ఫోటోనా? బుద్ధుందా నీకు? ముందు తీసెయ్యి!”

తేసిక్ కాసేపు తటపటాయించాడు. ముక్కూ మొహం తెలియని ముసలాయన కోసం ఇంట్లో గొడవెందుకనుకున్నాడు. ఫోటో చెరిపేసే మీట నొక్కాడు.

పుట్టినరోజు ఘనంగా జరిగింది. ముందు పెట్టిన వస్తువుల్లో పాప దారపు ఉండ పట్టుకుంది. నిండు నూరేళ్లు బతుకుతుందని అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోల్లో నాయనమ్మా మనవరాలూ వెలిగిపోయారు. తేసిక్‌కి ముసలాయన మళ్లీ గుర్తు రాలేదు.

నెల తిరిగేసరికి, భోజనాల వేళ బేక్ ఫోన్ చేశాడు.

“తక్ తాత పోయాడు సార్. అదే, ఆ రోజు మీరు ఫోటో తీశారే, ఆయన. ఆ ఫోటో ఉందా? రోజూ వచ్చి అడిగేవాడు, అబ్బాయి ఇచ్చాడా అని.”

“నాకో ఫోన్ చెయ్యాల్సింది కదండీ!”

“చేస్తానంటే వద్దన్నాడు. పసిపిల్ల ఉన్న ఇల్లు, తీరికుండదు, తనే తెస్తాడులే అన్నాడు.”

తేసిక్ కంచం పక్కకి జరిపాడు.

“లేదండీ... పోయింది.”

ఫోన్ పెట్టేశాక అమ్మతో చెప్పాడు. తక్ అనే పేరు వినగానే ఆమె చెంచా కింద పెట్టేసింది.

“రేవు దగ్గర స్టూడియో ఉండేది, ఆ తక్ గారేనా? నన్ను తీసుకెళ్లు.”

అంత్యక్రియల హాల్లో తెల్ల చామంతుల మధ్య గుర్తింపు కార్డు మీది ఫోటోనే పెద్దది చేసి పెట్టారు. కళ్లేవో ముక్కేదో తెలియడం లేదు. ఇద్దరూ దానికే మోకరిల్లి మొక్కారు.

నల్లబట్టల్లో ఉన్న తాత కూతురు ఎదురుగా వంగి నమస్కరించింది.

“ఊరందరికీ తీశాడు కానీ తన ఫోటో ఎవరినీ తీయనిచ్చేవాడు కాదండీ. పోయిన నెల ఫోన్లో ఎంత సంబరపడ్డాడో! ఎవరో అబ్బాయి మంచిది తీశాడే, ఇక నీకు బెంగ లేదు అన్నాడు. ఆ అబ్బాయెవరో మాకు తెలియలేదు.”

తేసిక్ తల ఎత్తలేకపోయాడు. నిలువునా సిగ్గుతో చచ్చిపోయాడు.

“కళ్లెత్తి చూడరా” అంది అమ్మ. “ఏటా నువ్వు మొక్కే మీ నాన్న ఫోటో ఈయన తీసిందే. నీ చిన్నప్పుడు, ఆ రోజు మీ నాన్నకి ప్రాణం పోతోంది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. చావు ముంచుకొచ్చిన ఇల్లని ఏ స్టూడియోవాడూ మన గడప తొక్కలేదు. ఈయనొక్కడే పరుగున వచ్చాడు. నువ్వు ఏడుస్తుంటే జేబులోంచి తెల్లటి బియ్యప్పిండి కేకు తీసి నీ చేతిలో పెట్టాడు. ఎక్కడిదండీ అంటే చెప్పడే!”

కూతురు గభాలున ఆమె చేతులు పట్టుకుంది.

“అది మీ ఇల్లేనా అమ్మగారూ? ఆ కేకు నా మొదటి పుట్టినరోజుది. చుట్టాలంతా వద్దంటున్నా వినకుండా నన్ను ఒళ్లోంచి దించేసి చావు ఫోటో తీయడానికి వెళ్లాడని, మా అమ్మ పోయేదాకా ఆయన్ని దెప్పుతూనే ఉంది.”