అరగ్లాసు కాఫీ

స్ట్రెస్ టెస్ట్‌లో గుండె నార్మల్ అని రిపోర్ట్ వచ్చిన పదకొండో రోజున మల్లికార్జునరావు గుండెపోటుతో పోయాడు.

ఆ టెస్ట్‌కి ముందురోజు నుంచీ కాఫీ తాగకూడదు. తాగితే టెస్ట్‌లో ఇచ్చే ఇంజెక్షన్ సరిగా పనిచేయదు, మూసుకుపోయిన రక్తనాళం స్కాన్‌లో కనబడకపోవచ్చు. "అరగ్లాసుకే కొంపలు మునుగుతాయా చాముండీ?" అన్నాడాయన టెస్ట్ రోజు ఉదయం భార్యతో. చాముండేశ్వరి కలిపి ఇచ్చింది. నర్స్ అడిగితే "నో కాఫీ" అని నవ్వాడు. పక్కనే ఉన్న చాముండేశ్వరి నోరు మెదపలేదు.

ఆయన పోయాక కాఫీ ఫిల్టర్ కడిగి పై అరలో పెట్టేసింది.

నెల తర్వాత ఒక రాత్రి కూతురు రచన ఫోన్ చేసింది. "రేపు హాస్పిటల్‌కే వెళ్తా, ఆ డాక్టర్‌ని వదలనమ్మా. రాంగ్ రిపోర్ట్ ఇచ్చి డాడీని చంపేశాడు."

ఫోన్ పెట్టేశాక వంటింట్లో చుక్క పడిన చప్పుడు. కాసేపటికి ఇంకొకటి. కుళాయి కట్టేసే ఉంది. పొయ్యి పక్కన ఫిల్టర్ ఉంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. దాని పక్కన ఆయన గ్లాసు.

"ఇంకా కలపాలా మీకు?" చీకట్లోకి అరిచిందామె. "అబద్ధం మీరాడి, మోయడానికి నేనా?"

చుక్కలు ఆగిపోయాయి. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది.

తెల్లవారింది. రచన బయల్దేరింది. కాఫీ సంగతి చాముండేశ్వరి ఇంకా ఎవరికీ చెప్పలేదు.