రిజిస్ట్రీకి దిగొచ్చిన మొగుడు

“అక్క వాటా మింగడానికి చచ్చిపోయిన మీ నాన్నని లేపుతావేట్రా?” దుర్గ్ రిజిస్ట్రీ ఆఫీసు ముందు గున్నమ్మ కొడుకు మీద విరుచుకుపడింది.

“నాన్న పోయాడంటే అక్క సంతకం అడుగుతారమ్మా. ఫోటోలో నాన్నలా వచ్చే ముసలాయన పక్కన కూర్చోవాల, బొట్టు పెట్టుకో,” అంటూ యుగంధర్ బొట్టుబిళ్ల అందించాడు. “క్యాంప్ టూలో నాన్న పేరునున్న అద్దెగదులు ఇయ్యాలే అమ్మెయ్యాల.”

ఆటోలోంచి కిరాయి ముసలాయన దిగాడు. ఒంటిమీద ఆమె మొగుడు నరసింగరావు చొక్కా. అచ్చం ఆయనలాగే దగ్గాడు. గున్నమ్మ తెలియకుండానే బొట్టు పెట్టేసుకుంది. బతికున్నప్పుడు స్టీలు ప్లాంటు నుంచి రాగానే మొగుడు అడిగే మొదటి మాట కోసం చూసింది.

“రజని అన్నం తినీసిందా అని అడగరేటి?”

“రజనీ కౌన్ హై, దీదీ?” రజని ఎవరక్కా అని హిందీలో అడిగాడు ముసలాయన.

గున్నమ్మ బొట్టు పీకి కొడుకు అరచేతిలో అంటించింది.

“కూతుర్ని ఎరగనోడు మీ నాన్నేట్రా? అక్కకి ఫోన్ చెయ్యి. అది వచ్చి సంతకం పెడితేనే అమ్మకం!”