ఆయుధపూజ గంధం

“ఈ కంప్యూటరు ప్రాసెసరుకు వేగం పెంచకుండా కంపెనీవాడే తాళం వేసినాడవ్వా. బోర్డూ చవకది. అయినా పవర్ లిమిట్ పెంచినాను. పది నిమిషాలు ఉరికి, వేడెక్కి కూలబడుతుంది,” ఈశ్వరన్ తల పట్టుకున్నాడు. బనియను డిజైను మధ్యాహ్నంలోగా తిరుప్పూరు చేరకపోతే ఆర్డరు పోతుంది.

అవ్వ పాప్పాత్తి కళ్లజోడు సవరించుకుని కంప్యూటరు పెట్టె వెనక్కి వంగింది. గాలి పోయే జల్లెడ నిండా, ఆయుధపూజనాడు తాను మెత్తిన గంధం ఎండి బిగుసుకుంది. ఆమె కొప్పులో పిన్ను తీసి గీకసాగింది.

“ఏం చేస్తా ఉండావవ్వా?”

“దండం పెడతా ఉండాను. నీ పని చూసుకో.”

కాసేపటికి పెట్టె ఆగకుండా పరుగందుకుంది. ఈశ్వరన్ ఎగిరి గంతేశాడు. “చూసినావా, నా సెట్టింగు!”

“గట్టోడివే సామీ,” అంటూ ఆమె గంధప్పొడిని కొంగున ముడేసుకుంది. “పనంతా నీ బుర్రదే కదా, పెట్టెకు గంధమెందుకు? వచ్చే పూజకు నీ నొసటికే పూస్తాను.”