కాలవగట్టు గేటు

పాసింజరు బండిని కొల్లిపాడు దాకా పొడిగించి వారమైంది. జనం మాత్రం అలవాటుగా పాత ఆఖరి స్టేషన్లోనే దిగిపోతున్నారు. అక్కణ్ణుంచి చేల మధ్య ఖాళీ పెట్టెలే వెళ్తున్నాయి. చివరి పెట్టెలో గార్డు ఖాజావలి ఒక్కడే ఉంటాడు. అతనికి ఆ దారి కొత్త.

గేటు దగ్గరి మనిషి, దాటుతున్న బండిని పొడుగునా చూసి, అంతా సవ్యంగా ఉంటే పచ్చదీపం చూపిస్తాడు. గార్డు తన పచ్చదీపం ఊపి బదులిస్తాడు. కాలవగట్టు దగ్గర దీపం కనబడినప్పుడల్లా ఖాజావలి చెయ్యి దానంతటదే లేచేది.

ఈ రాత్రి పాత స్టేషన్లో టీ తాగుతూ డ్రైవరు వీరాంజనేయులుతో అన్నాడు.

"కాలవగట్టు గేటాయన భలే మనిషండీ. వానలో కూడా నిలబడుతున్నాడు."

"అక్కడ గేటెక్కడిదండీ? పట్టాల కిందనుంచి రోడ్డేసి ఎప్పుడో తీసేశారుగా. గది కూడా పడగొట్టేశారు."

"మరి పచ్చదీపం?"

వీరాంజనేయులు గ్లాసు కింద పెట్టాడు. "నాకైతే ఏ రోజూ కనబళ్ళేదండీ."

బండి కదిలింది. ఈసారి బదులివ్వకూడదనుకున్నాడు ఖాజావలి. కప్పల అరుపులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కాలవగట్టు మీద దీపం ఉంది.

ఎర్రగా ఉంది.

బండిలో ఏదో తేడా కనబడితేనే ఎర్రదీపం చూపిస్తారు. బండి ఆపమందామని వాకీటాకీ ఎత్తాడు. ఆపితే ఆ దీపం ముందే ఆగాలి. వాకీటాకీ దించేశాడు.

అంతలో ముందు పెట్టెలో కిటికీ షట్టరు దబ్బుమని పడింది. తర్వాత దాని పక్కది పడింది. ఒక్కొక్కటే పడుతూ, చప్పుడు అతని వైపు వస్తోంది.