పదహారేళ్లు మోసిన ఓటు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నిదానంగా రాస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

1909 జనవరిలో హిరామ్ పెట్రీ ఒక్క ఓటు తేడాతో ఎల్డర్‌ఫర్డ్ మేయరయ్యాడు. అతనికి 163. ఆంగస్ డౌలింగ్‌కు 162.

పోటీలో ఉన్న ఇద్దరూ ఎవరి ఓటు వాళ్లు వేసుకోకుండా, ఎదుటివాడికి వెయ్యడం ఆ ఊళ్లో పాత మర్యాద. చిన్నప్పటి నుంచీ స్నేహితులైన హిరామ్, ఆంగస్ కూడా టౌన్ హాల్లో అందరి ముందూ చేతులు కలిపి మాటిచ్చుకున్నారు. తీరా పెన్సిల్ చేతికొచ్చాక హిరామ్ మనసు ఆగలేదు. తన పేరు పక్కనే గుర్తు పెట్టుకున్నాడు.

లెక్క చదవగానే అతనికి ముచ్చెమటలు పోశాయి. తను మాట మీద నిలబడి ఉంటే గెలిచేది ఆంగసే.

"ఆ మొహమేంట్రా? ఓడింది నువ్వా, నేనా?" అంటూ ఆంగస్ వీపు చరిచాడు.

ఆ తర్వాత హిరామ్ మీద ఎవరూ పోటీకి దిగలేదు. పదహారేళ్లు అతనే మేయరు. ఊరికి కుళాయిలు తెచ్చాడు. మొదటి కుళాయి ఆంగస్ వీధిలో. వీధి దీపాలు తెచ్చాడు. మొదటి దీపం ఆంగస్ మందుల షాపు ముందు. నది మీద కొత్త వంతెన కట్టించి దానికీ ఆంగస్ పేరే పెట్టించాడు.

"బతికుండగానే నా పేరు రాతి మీద చెక్కిస్తావేంట్రా? తీయించెయ్. నాకు సిగ్గేస్తోంది," అని ఆంగస్ మొత్తుకున్నాడు.

ఆ మాటకు హిరామ్ ఇంకా కుంగిపోయాడు.

చివరికి గుండె జబ్బుతో మంచం పట్టాడు. ఆంగస్ తన భార్యను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాడు. హిరామ్ అతని చెయ్యి వదల్లేదు.

"నీకు ద్రోహం చేశానురా. ఆ రోజు నా ఓటు నాకే వేసుకున్నాను. ఆ కుర్చీ నీది."

ఆంగస్ కిటికీ వైపు తిరిగాడు.

"ఏదో ఒకటి అనరా. తిట్టు, పోనీ."

"తిట్టడానికేముంది?"

"అయితే క్షమించానని చెప్పు."

ఆంగస్ రెండో చేత్తో దుప్పటి పైకి లాగి కప్పాడు.

"క్షమించానులే. పడుకో."

హిరామ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండు రోజులకు పోయాడు.

సమాధుల తోట నుంచి తిరిగొస్తూ, ఆంగస్ తలెత్తకుండా భార్యతో అన్నాడు: "ఆ రోజు నేనూ నాకే వేసుకున్నానే."

— యూఫీమియా డౌలింగ్, 78 ఏళ్లు. ఇప్పుడు ఉంటున్నది కూతురి దగ్గర, కింగ్‌స్టన్, ఒంటారియో.