నల్లనువ్వుల పాయసం

"ఏం యజమానిగారూ, దొంగదాని కొట్టుకే వచ్చారా?" అంది యుక్‌హా.

నువ్వులు కాజేసిందని లేనిపోని నింద వేసి తనను గెంటేసిన క్వోక్ దుకాణానికి ఎదురుగానే, హాంకాంగ్ సందులో, ఆమె ఈ మిఠాయి కొట్టు పెట్టింది. సగం ధరకే అమ్మింది. నిన్నటితో అతని దుకాణం మూతపడింది.

"నల్లనువ్వుల పాయసం కట్టివ్వమ్మా. మా ఆవిడ మంచంలో ఉంది. పక్కింటామె తెచ్చే నీ పాయసం తప్ప ఇంకేదీ ముట్టడం లేదు."

ఆవిడే తనకు పని నేర్పింది. అయినా యుక్‌హా కసి చల్లారలేదు.

"ముందు ఇంటికెళ్లి, నేను దొంగను కానని ఆవిడతో చెప్పండి. అప్పుడిస్తాను."

"ఆవిడకు తెలుసు." ముసలాయన తల దించుకున్నాడు. "నిన్ను గెంటేసిన రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు."

యుక్‌హా డబ్బా నిండా పాయసం పోసింది. ఏప్రన్ విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు కొట్టు చూస్తుండండి. నేనెళ్లి తినిపించి వస్తా."